నడవని బూట్లు

ఆ ఇంట్లో మగమనిషి లేడు. మగవాడి బూట్లు మాత్రం ఉన్నాయి.

తోలు బూట్లు, ముదురు గోధుమరంగువి, లేసులతో కట్టుకునే రకం. ఆ సైజు చూస్తే వాటి అసలు యజమాని మంచి ఆజానుబాహువై ఉండాలి. బాగుచేయమని ఇచ్చి మళ్ళీ ఇటు తొంగిచూడలేదట ఆయన. వీధి చివర చెప్పులు కుట్టే అతని దగ్గర మూలన పడి ఉంటే, కొత్త అడుగులు వేయించి తెచ్చుకుంది సూదమ్మ. "మీ ఆయనకి సరిపోతాయో లేదో, ఓసారి పంపించండమ్మా" అన్నాడతను. "సరిపోతాయి" అంది సూదమ్మ, లేని మొగుడి పాదం కొలత తనకి కంఠతా వచ్చినట్టు.

సూదమ్మ అన్నది ఆ మేడలోవాళ్ళు పెట్టిన పేరు. రక్తపరీక్షల ల్యాబులో రక్తం తీయడం ఆమె పని. చెయ్యి ఎంత తేలికంటే, గుచ్చాక కూడా "ఇంకా గుచ్చలేదా?" అని అడిగేవారు జనం. పొద్దున్నే పరగడుపున వచ్చి సూది చూసి కళ్ళు తేలేసే పెద్దపెద్ద మీసాలవాళ్ళని కూర్చోబెట్టి, కబుర్లలో పెట్టి, పని కానిచ్చి పంపించే మనిషి. అలాంటి మనిషికి చీకటి పడ్డాక మెట్ల మీద ఎవరి అడుగు వినపడినా ఒళ్ళు చల్లబడిపోయేది. ఎందుకో ఆ మేడలో ఎవరికీ చెప్పలేదు.

చెప్పడానికి పెద్ద కథేం లేదు. ఆమె మొగుడు వేళ్ళు విరుచుకునేవాడు. కుర్చీలో కూర్చుని, నింపాదిగా, బొటనవేలితో మొదలుపెట్టి ఒక్కొక్కటే. చిటికెనవేలు దాకా వచ్చాక కుర్చీలోంచి లేచేవాడు. లేచాక ఏం జరిగేదో సూదమ్మ మోచెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాచలేకపోవడం చూస్తే తెలుస్తుంది. ఒకరోజు అతను ఇంట్లో లేనప్పుడు కూతురి చెయ్యి పట్టుకుని, ఒక పెట్టెతో బయటపడింది. అప్పటినుంచి ఊళ్ళు మారింది, ఇళ్ళు మారింది. ఈ మేడ మూడో అంతస్తులో చేరేటప్పుడు ఇంటి యజమానురాలు "మీ ఆయనేం చేస్తారు?" అని అడిగితే "ఫ్యాక్టరీలో అండీ, తెల్లారకముందే వెళ్ళిపోతారు, చీకటి పడ్డాక వస్తారు" అని చెప్పింది. ఒకసారి చెప్పాక ఆ అబద్ధానికి కాళ్ళు కావాలి కదా. అందుకే బూట్లు.

వీధి దీపాలు వెలిగే వేళకి వాటిని తలుపు బయట పెట్టేది. ఒకటి తిన్నగా, ఒకటి కాస్త వంకరగా. మగవాళ్ళు బూట్లు పద్ధతిగా విప్పరన్నది ఆమె అనుభవం. పాలవాడు రాకముందే లోపలికి తీసేసేది. కూతురికి ఇదంతా ఆట. మూడో తరగతి పిల్ల. బూట్లకి "అయ్యగారు" అని పేరు పెట్టింది.

"అమ్మా, అయ్యగారు వచ్చారా?"

"వచ్చారు. బయటే నిలబడ్డారు."

"లోపలికి రమ్మను, అన్నం తింటారు."

"ఆయన డైటింగులో ఉన్నారే" అనేది సూదమ్మ, గొళ్ళెం వేసి, గడియ పెట్టి, మళ్ళీ ఓసారి గొళ్ళెం లాగి చూస్తూ.

ఇలా సాగుతుండగా, ఒక వానాకాలపు పొద్దున బూట్లు లోపలికి తీయబోతే చేతికి తడిగా తగిలింది. తిప్పి చూసింది. అడుగంతా బురద. మడమ దగ్గర ఒక చిన్న రాయి ఇరుక్కుని ఉంది. మూడో అంతస్తులో, కప్పు కింద, గుమ్మం పక్కన పెట్టిన బూట్లకి బురద ఎక్కడిది? బూట్లు అక్కడే వదిలేసి లోపలికి పరిగెత్తి తలుపేసుకుంది. కాసేపయ్యాక పాలవాడు వచ్చే వేళైందని గుర్తొచ్చి మళ్ళీ తలుపు తీసి, వేళ్ళ కొసలతో పట్టుకుని లోపలికి తెచ్చుకుంది. కూతురు చూడకుండా బాత్రూములో కడిగింది.

పిల్లి అనుకుందామంటే పిల్లి బూట్లు తొడుక్కోదు. వాన జల్లు అనుకుందామంటే జల్లులో రాళ్ళు పడవు. తనకి తాను ఎన్ని సర్దిచెప్పుకున్నా ఆ రోజు ల్యాబులో మొదటిసారి ఒకావిడకి రెండుసార్లు గుచ్చాల్సి వచ్చింది. "ఏంటమ్మా, నిద్రలేదా?" అని అడిగిందావిడ. నవ్వి ఊరుకుంది సూదమ్మ.

ఆ తర్వాత వానలేని రోజున కూడా అడుగుకి మట్టి. ఇంకో పొద్దున లేసులు జంటముడి వేసి ఉన్నాయి. ఆమె ఎప్పుడూ వదులుగా వదిలేసేది. ఇంకోసారి లోపల చెయ్యి పెట్టి చూస్తే వేళ్ళ దగ్గర మెత్తగా ఏదో తగిలింది. బయటికి లాగింది. నలిగిన గుడ్డ ఉండ. కాస్త చెమట వాసన. ఎవరో మనిషి, ఊపిరి పీలుస్తున్న మనిషి, తన గుమ్మం ముందు నిలబడి, తన బూట్లు తొడుక్కుని, లేసులు తీరిగ్గా ముడేసుకుని ఎక్కడికో వెళ్ళి వస్తున్నాడు. తనూ కూతురూ తలుపుకి ఇవతల చెక్కంత దూరంలో ఉండగా.

అతనేనా? అతనికి ఇలాంటి ఆటలు అలవాటే. ఒకప్పుడు ఆమె దాచుకున్న వస్తువులు చోటు మార్చి పెట్టి, ఆమె వెతుక్కుంటుంటే చూస్తూ కూర్చునేవాడు. భయపెట్టడం అతనికి అన్నం కంటే ఇష్టం. కానీ అతని పాదం పెద్దది, గుడ్డ కుక్కుకోవాల్సిన అవసరం లేదు. అతను కాకపోతే ఇంకెవరు? ఏ జవాబు చూసినా భయమే.

ఎవరినైనా అడుగుదామా అంటే ఏమని అడగాలి? "మా ఆయన బూట్లు ఎవరో వేసుకుంటున్నారు" అంటే, "మరి మీ ఆయన ఊరుకుంటున్నాడా?" అంటారు. ఆ ఒక్క ప్రశ్నతో కట్టుకున్న గోడంతా కూలిపోతుంది. అయినా మనసు ఆగక, ఉల్లిపాయలు అరువడిగే వంకతో ఎదురింటి పిన్నిగారి తలుపు తట్టింది.

పిన్నిగారు మంచిదే. కాకపోతే మేడలో ఎవరింట్లో గిన్నె కిందపడినా ఏ గిన్నో చెప్పగల మనిషి. భర్త రిటైరైన బస్సు కండక్టరు. పొట్టి మనిషి, సన్నగా, నెమ్మదిగా ఉంటాడు. ఉద్యోగం వదిలి ఏళ్ళైనా ఏ మాటకైనా "రైట్" అనడం మాత్రం వదల్లేదు. అందుకే ఆయన మేడందరికీ రైట్ బాబాయిగారు.

"పిన్నిగారూ, ఈమధ్య మెట్ల మీద కొత్తవాళ్ళెవరైనా తిరుగుతున్నారా?" అంది సూదమ్మ, ఉల్లిపాయలు అందుకుంటూ, ఆ మాట ఇప్పుడే గుర్తొచ్చినట్టు.

పిన్నిగారి చెయ్యి బుట్టలోనే ఆగిపోయింది. "కొత్తవాళ్ళా? ఎవరూ లేరే. నువ్వేమైనా చూశావా?"

"లేదు. ఊరికే అడిగాను."

"తలుపేసుకుని పడుకో అమ్మాయ్" అంది పిన్నిగారు, ఆమె కళ్ళలోకి చూడకుండా. పక్కన పేపరు చదువుతున్న బాబాయిగారు పేపరు ఇంకాస్త పైకెత్తి ముఖం దాచుకున్నారు. ఆయన ఈసారి "రైట్" అనలేదు.

వీళ్ళకేదో తెలుసు. ఆ అనుమానం పట్టుకున్నాక సూదమ్మకి ఆ మేడలో నిలబడటానికి చోటు లేనట్టయింది. డబ్బాశ పెట్టి అతనే వీళ్ళని తనవైపు తిప్పుకున్నాడేమో. తను ఇంట్లో ఉన్నదీ లేనిదీ చెబుతున్నారేమో. ఆ సాయంత్రం బూట్లు బయట పెట్టలేదు. మంచం కిందకి తోసేసింది. అన్నం వండుతుండగా తలుపు చప్పుడైంది. గరిటె పట్టుకునే వెళ్ళి, "ఎవరు?" అంది.

"నేనేనమ్మాయ్. మీ ఆయన ఇంకా రాలేదా?" పిన్నిగారి గొంతు. "బూట్లు కనబడకపోతేనూ."

ఒకరి మొగుడు ఇంటికి రాకపోతే ఇంకొకరికెందుకు ఇంత ఆదుర్దా? "వచ్చారు, లోపల విప్పారు" అంది.

"బయట పెట్టించమ్మా. తడి బూట్లు ఇంట్లో ఉంటే వాసనొస్తాయి."

ఆ రోజు వాన పడలేదు. బూట్లు తడవలేదు. అయినా భయానికి మాట కాదనలేక, మంచం కింద నుంచి తీసి బయట పెట్టి, తలుపు వెనక్కి కుర్చీ జరిపి దాని మీద గిన్నెలు పేర్చింది. ఆ రాత్రి కంటి మీద కునుకు లేదు. పొద్దున చూస్తే మళ్ళీ మట్టి.

మర్నాడు బీరువా మీది పెట్టె దించింది. కూతురు ఆ పెట్టె చూసి, చేతిలో ఉన్న పలక పక్కన పెట్టేసింది.

"మళ్ళీ మారతామా?"

"చూద్దాం."

"నేను బడిలో ముందు వరసలో కూర్చుంటున్నా అమ్మా ఇప్పుడు" అంది ఆ పిల్ల. ఏడవలేదు. అదే సూదమ్మకి ఎక్కువ బాధేసింది. ఏడిస్తే ఓదార్చవచ్చు. ఈ వయసుకే ఇల్లు వదలడం దానికి అలవాటైపోయింది, తలదువ్వుకోవడం అలవాటైనట్టు. పిల్ల బట్టలన్నీ మడతపెట్టి, బడి గౌను మాత్రం పైన పెట్టింది.

ఆ సాయంత్రం వాన మొదలైంది. బూట్లు బయట పెట్టి, పిల్లని వెనక గదిలో కూర్చోబెట్టి, దీపం ఆర్పి, తలుపు పక్కన గోడకి ఆనుకుని నిలబడింది. చేతిలో ఇస్త్రీ పెట్టె. ఎవరో చూడాలి. చూసి, రేపు పొద్దున్నే వెళ్ళిపోవాలి. అంతవరకే ఆమె ఆలోచన.

ఎంతసేపో తెలియదు. తలుపు అవతల చిన్న అలికిడి. బూట్లు కదిలాయి. లేసులు సర్దుతున్న శబ్దం, ఒక మూలుగు, తర్వాత అడుగులు. తోలు అడుగుల బరువైన చప్పుడు, మెట్లు దిగుతూ, దిగుతూ, వానలో కలిసిపోయింది. తలుపు తీద్దామనుకుంది. చెయ్యి గడియ దాకా వెళ్ళి అక్కడే ఉండిపోయింది. కిటికీ రేకు మీద వాన చుక్కలు ఒక్కొక్కటే పడుతున్నాయి. టప్. టప్. వేళ్ళు విరుస్తున్నట్టే ఉంది ఆ చప్పుడు. ఇప్పుడు ఏ వేలు దగ్గరున్నాడో అని ఆమె మనసు లెక్క మొదలుపెట్టింది. చెవులు మూసుకుంది. మూసుకున్నా వినపడింది.

అడుగులు తిరిగొచ్చాయి. మెట్లెక్కి, మెల్లిగా, సరిగ్గా ఆమె తలుపు ముందు ఆగాయి.

వెనక గదిలోంచి కూతురు సన్నగా, "అమ్మా, అయ్యగారు నడుస్తున్నారు" అంది.

ఆ మాటతో ఏమైందో గానీ, సూదమ్మకి భయం పోలేదు, భయంతోనే కాళ్ళు కదిలాయి. పిల్ల గొంతులో వణుకు విన్నాక ఇక గోడకి ఆనుకుని నిలబడటం ఆమె వల్ల కాలేదు. గడియ లాగింది. గొళ్ళెం తీసింది. ఇస్త్రీ పెట్టె తలమీదకెత్తి తలుపు తెరిచింది.

రైట్ బాబాయిగారు ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలి బూటు లేసు విప్పుకుంటున్నారు. చంకలో తడిసిన గొడుగు. తల పైకెత్తి ఆమెనీ, ఇస్త్రీ పెట్టెనీ చూసి, ఉన్నచోటే మెట్టు మీద కూలబడ్డారు.

"నేనే అమ్మాయ్. నేనే. ముందు అది దించు తల్లీ, నీకు దణ్ణం పెడతాను."

ఎదురింటి తలుపు తెరుచుకుంది. పిన్నిగారు బయటికొచ్చి, ఇద్దరినీ చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నేను చెప్పానా, ఎప్పటికైనా దొరికిపోతారని" అంది మొగుడితో.

"ఏంటిది పిన్నిగారూ?" అంది సూదమ్మ. ఇస్త్రీ పెట్టె దించింది గానీ వదల్లేదు. "నన్ను చంపేద్దామనుకున్నారా?"

పిన్నిగారు ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. కూతురు వచ్చి తల్లి ఒళ్ళో దూరింది. బాబాయిగారు గుమ్మం దగ్గరే, ఒక కాలికి బూటుతో నిలబడ్డారు.

"మీ ఇంట్లో మగదిక్కు లేదని మాకు నువ్వొచ్చిన వారంలోనే తెలుసమ్మా" అంది పిన్నిగారు. "మీ దండెం మీద ఎప్పుడైనా ఒక్క చొక్కా ఆరిందా? రెండు కంచాలే కడుగుతావు, నాకు వినపడదా? నీ కష్టమేదో నీకుంటుందని మేం నోరెత్తలేదు."

అంత తెలివిగా బూట్లు వెతికి తెచ్చిన మనిషికి దండెం సంగతి తట్టనే లేదు. సూదమ్మకి సిగ్గేసింది. కానీ పిన్నిగారు అక్కడితో ఆగలేదు.

"ఒకరోజు సాయంత్రం ఒకడొచ్చాడు. నువ్వు లోపల పిల్లకి ఎక్కాలు చెబుతున్నావు. మెట్ల మీద నన్నాపి, ఇక్కడ ఒకావిడ, ఆడపిల్లతో ఉంటోందా అని అడిగాడు. మొగుడూ పెళ్ళాం ఉంటారు బాబూ, అవిగో ఆయన బూట్లు అన్నాను. వాడు వంగి ఒక బూటు తీసి, తిప్పి అడుగు చూశాడు. 'ఇవి నడిచిన బూట్లు కావే' అని నవ్వి, మళ్ళీ వస్తానని వెళ్ళిపోయాడు. ఆ నవ్వు చూస్తే నా పైప్రాణాలు పైనే పోయాయి."

"ఎలా ఉన్నాడు?" అంది సూదమ్మ.

"పొడుగ్గా, శుభ్రంగానే ఉన్నాడు. మాట్లాడినంతసేపూ వేళ్ళు విరుచుకుంటూనే ఉన్నాడు."

సూదమ్మ కూతుర్ని ఎంత గట్టిగా పట్టుకుందంటే "నొప్పి అమ్మా" అందది. తను ఎక్కాలు చెబుతుంటే, అతను ఈ చెక్క తలుపుకి అవతల నిలబడి విన్నాడు. పిల్ల గొంతు విన్నాడో లేదో.

"నాకు చెప్పాల్సింది" అంది. కోపం వచ్చింది, నిజమైన కోపం. "మీరు చెప్పాల్సింది పిన్నిగారూ. ఇన్నాళ్ళూ నేను ఏమైపోయానో మీకు తెలుసా?"

"తప్పేనమ్మా. చెబుదామని మీ తలుపు దాకా వచ్చి ఎన్నిసార్లు వెనక్కి వెళ్ళానో. చెబితే నీకు మొగుడు లేడని మాకు తెలుసని నీకు తెలిసిపోతుంది. ఆ సిగ్గుతో, ఆ భయంతో రాత్రికి రాత్రి పెట్టె సర్దుకుంటావని." ఆమె చూపు మూలనున్న పెట్టె మీద పడింది. "చూడు, చెప్పకపోయినా సర్దుకున్నావు."

"అందుకని నేను నడుస్తున్నాను" అన్నారు బాబాయిగారు గుమ్మం దగ్గర నుంచి. "రోజూ వీధి చివర దాకా వెళ్ళి రావడం. బూట్లు పెద్దవి, గుడ్డ కుక్కుకుంటున్నాను. నడిచిన బూట్లు నడిచినట్టు కనబడాలి కదా. రైట్?"

"మళ్ళీ వచ్చాడా?"

ఆయన తల దించుకున్నారు. "ఒకసారి. కింద మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. ఎవరింటికయ్యా అన్నాను. మూడో అంతస్తు అన్నాడు. అది మాదే, అక్కడ మా కోడలూ మనవరాలూ ఉంటారు, మా అబ్బాయి తెల్లారి పోతాడు రాత్రికొస్తాడు, వాడి బూట్లే ఇవి అన్నాను. నా కాళ్ళకేసి చూశాడు. అడుగున ఇంత బురద ఉంది ఆ రోజు. తప్పు ఇల్లు అనుకుంటా అని వెళ్ళిపోయాడు. టిక్కెట్టు తీసుకోనివాళ్ళు ఎన్ని అబద్ధాలు ఆడేవాళ్ళు, ఒక్కటైనా నాకు పనికొచ్చింది." నవ్వబోయి ఆగిపోయారు. "వాడు మలుపు తిరిగాక నాకు కాళ్ళలో సత్తువ లేదమ్మాయ్. అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయాను. భయమేసింది. చాలా."

ఒక ముసలాయన, తన భుజం దాకా రాని మనిషి, తనకి భయమేసిందని అంత మామూలుగా చెబుతుంటే సూదమ్మకి ఏడుపు ఆగలేదు. ఇన్నేళ్ళూ ఆ భయం తనొక్కదానిదే అనుకుంది. ఇంకొకరు దాన్ని కాళ్ళకి తొడుక్కుని రోజూ వీధిలో తిరుగుతున్నారని ఊహించలేదు.

"రేపు పొద్దున పోలీస్ స్టేషనుకి వెళ్దాం" అంది పిన్నిగారు. "నలుగురం కలిసే. నేను మాట్లాడతాను, నాకు నోరుంది."

మర్నాడు వెళ్ళారు. పిన్నిగారే ఎక్కువ మాట్లాడింది. వాళ్ళు రాసుకున్నారు, చూస్తామన్నారు. అంతకంటే ఏమవుతుందో ఎవరికీ తెలియదు. సూదమ్మ అక్కడినుంచి ల్యాబుకి వెళ్ళింది. సాయంత్రం ఇంటికొస్తూ, అలవాటు ప్రకారం వీధిలోంచే తల ఎత్తి మూడో అంతస్తు కేసి చూసింది. అక్కడే నిలబడిపోయింది. తన దండెం మీద మగవాడి చొక్కా ఉంది.

వచ్చేశాడు. లోపల ఉన్నాడు. బడి నుంచి వచ్చిన పిల్ల ఒక్కతే ఉంది. మెట్లు ఎలా ఎక్కిందో ఆమెకి గుర్తులేదు. రెండో అంతస్తు దాటాక గానీ ఆ చొక్కా ఎంత చిన్నదో, కాలరు ఎలా తిరగేసి కుట్టి ఉందో కళ్ళకి అందలేదు. అది బాబాయిగారి చొక్కా. ఎదురింటి వసారాలోంచి కర్రతో ఇవతలికి తోసి ఆరేశారు. పిల్ల ఎదురింట్లో కూర్చుని గుండ్రంగా కోసిన బంగాళాదుంపలు లెక్కపెడుతోంది.

"అమ్మా, అయ్యగారు చొక్కా ఉతికించుకున్నారు" అంది.

వీధి దీపాలు వెలిగే వేళకి సూదమ్మ బూట్లు తీసింది. బయట పెట్టే ముందు లోపల ఉన్న పాత గుడ్డ ఉండలు తీసి పారేసింది. ల్యాబు నుంచి తెచ్చుకున్న కొత్త దూది చుట్టలు మెత్తగా మడిచి, రెంటిలోనూ వేళ్ళ దగ్గర సర్ది, చెయ్యి పెట్టి ఎక్కడా గట్టిగా లేదని చూసుకుంది. ఈసారి రెండు బూట్లూ తిన్నగా పెట్టింది, తొడుక్కునేవాళ్ళకి వంగడం కష్టం కాకుండా.

గొళ్ళెం వేసి, గడియ పెట్టి, గోడకి ఆనుకుని నిలబడింది. అడుగులు దిగిపోయాయి. అవి తిరిగొచ్చేదాకా ఆమె ఊపిరి బిగబట్టుకునే ఉంది. తిరిగొచ్చి తలుపు ముందు ఆగాయి. గుండె ఎప్పటిలాగే కొట్టుకుంది.

అవతల బాబాయిగారు గొంతు సవరించుకుని, కిందింటివాళ్ళకి కూడా వినపడేలా, "వచ్చానమ్మా" అన్నారు.